సభలో మౌనం, అరుగు మీద మాట

2016 వేసవి. శ్రీకాకుళంలో న్యాయవాదిగా భూసేకరణ కేసులు చూస్తున్న రోజులు. అంతకుముందు వృక్షశాస్త్రం చదివినవాణ్ణి కావడంతో, చెప్పింది నా కక్షిదారే అయినా పరీక్షించనిదే నమ్మే అలవాటు లేదు.

భావనపాడు దగ్గరి ఒక పల్లె నుంచి సూరమ్మ వచ్చింది. భర్త లేడు. ఉన్న ఆధారం ఒక జీడితోట. ఒక ప్రైవేటు కంపెనీ కోసం ప్రభుత్వం సేకరించదలచిన భూముల్లో అదీ ఉంది.

రాజ్యాంగం 300-ఎ అధికరణం ప్రకారం, చట్టం అనుమతించిన తీరున తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోరాదు. ప్రైవేటు కంపెనీ కోసమైతే 2013 నాటి చట్టం మరో కట్టడి పెట్టింది. అదే కన్సెంట్: నష్టపోయే కుటుంబాల్లో కనీసం ఎనభై శాతం ముందుగా సమ్మతించాలి. అధికారులు పెట్టిన గ్రామసభలో ఈ ఊరు ఏకగ్రీవంగా సమ్మతించిందని నమోదు చేశారు.

"సభకు మీరు వెళ్లలేదా?" అని అడిగాను.

"ఎల్లకేటి బాబూ! ముందు వరసలోనే కూకున్నాను."

"మరి వద్దని చెప్పలేదేం?"

"మా బావ సరే అనీసినాడు. ఊరికి పెద్ద. పైవోళ్ల ముందర ఆయన మాట తీసీగలమేటి? సాయంత్రం ఆయన అరుగు మీదకెల్లి దులిపీసినాం."

ఆ జవాబు నాకు మరీ అనుకూలంగా తోచింది. అందుకే అనుమానించాను. ఊరికి వెళ్లి ఇంటింటా విడివిడిగా అడిగాను. సూరమ్మ బావ, ఊరిపెద్ద సింహాచలం దాచలేదు.

"నిజమే బాబూ. సభల పులినే, అరుగు మీద పిల్లినయిపోనాను. ఈ సూరమ్మయితే నన్ను అన్నం కూడా తిననివ్వనేదు."

"మరి నాకు తోట పోతే ఎక్కడ కూకోవాల బావా, నీ నెత్తి మీదా?" అంది సూరమ్మ.

పెద్ద మాటను పరాయివారి ఎదుట కాదనరు. పొద్దుపోయాక అతని అరుగు మీద కాదంటారు, అతను అక్కడే మాట మార్చుకుంటాడు. ఆ ఊరి పద్ధతి అది. సభ రోజున అప్పటికే అధికారుల జీపులు వెళ్లిపోయాయి. నిజంగా ఒప్పుకున్న ఇళ్లూ కొన్ని ఉన్నాయి. ఆ సంగతీ అఫిడవిట్‌లో, అంటే ప్రమాణపత్రంలో, రాశాను. అన్నీ కలిపినా ఎనభై శాతానికి చాలా దూరం.

హైకోర్టులో స్టే, అంటే పనులు తాత్కాలికంగా ఆపే ఉత్తర్వు, అడిగాం. అది విచారణకు రాకముందే భూమిని స్వాధీనం చేసుకున్నామని ప్రకటించి పొక్లెయిన్లు దించారు. జీడిచెట్లను వేళ్లతో సహా పెకలించారు.

తీర్పు తరువాత వచ్చింది. అభ్యంతరం వినబడకపోవడం సమ్మతికి రుజువు కాదన్న మా వాదనను కోర్టు అంగీకరించి సేకరణను కొట్టివేసింది.

ఆ కాగితం పట్టుకుని ఊరికి వెళ్లాను. సూరమ్మ తోట గట్టు మీద, ఎండలో కూర్చుని ఉంది. గెలిచామని చెప్పాను. కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"మొక్కలేస్తే ఎన్నాల్లకు బాబూ?"

"మూడు నాలుగేళ్లకు కాపు పడుతుందమ్మా."

"కాపు సంగతి కాదు. పోయినవి మా అత్త నాటినవి. ఆ నీడ ఎన్నాల్లకు వస్తాది?"

వృక్షశాస్త్రం చదివినవాడిగా జవాబు నాకు తెలుసు. ఆమె వయసూ తెలుసు.

చట్టం గీసిన హద్దు యంత్రం దిగకముందు ఆపగలిగితేనే హద్దు. ఆ తరువాత అది తీర్పు మాత్రమే. దాని కింద ఎవరూ కూర్చోలేరు.