మంద కట్టిన చేలో నా గుడారం

కిందటేడు నల్లమల అటవీ శిబిరం నుంచి నేను చీకటి పడకముందే దిగి వచ్చేశాను. మోకాలు వాచింది. నాతో వచ్చిన పాత మిత్రుడు మాత్రం ఆదోనిలో కనబడినవాడికల్లా నేను భయపడి పారిపోయానని చెప్పాడు. వాడి నోరు మూయించాలంటే, ఏ వసతీ లేని చోట ఒక్క రాత్రి నేలమీద పడుకుని రావాలి. ఈ మాఘంలో అందుకే బయలుదేరాను. ప్రకృతి ఒడి, ఏకాంతం అంటూ రాసేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళలో సగంమంది లాడ్జిలో పడుకుని రాస్తారు.

ఆదోనిలో పొద్దున తొమ్మిదికి బస్సెక్కితే పదిన్నర దాటాక హొళగుంద చేరాను. అక్కడినుంచి గుట్టల దిక్కు ఆటో, మూడు వందలు. జొన్న కోసిన చేను ఒకటి చూసి దిగాను. డ్రైవరు నా గుడారం మూట కిందపెట్టి, "ఈడ పండుకుంటావా పెద్దాయనా? ఇంట్లో కొట్లాడి వచ్చినావా ఏంది?" అన్నాడు. అతని నంబరు తీసుకున్నాను.

గుడారం వేసి, రాళ్ళపొయ్యిమీద టీ కాచుకుని, గుట్టనీడన మధ్యాహ్నమంతా చదువుకున్నాను. నాలుగింటికి గొర్రెలు వచ్చాయి. కాపరి బీరప్ప నా గుడారం చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఎవురు దిగమన్నారప్పా ఈడ? ఇది ఈరమ్మ చేను. ఈపొద్దు మా మంద ఈడనే."

తీసేస్తానన్నాను.

"ఉండులే. ఒక మూల నువ్వు, మూడు మూలలు నా గొర్రెలు. అవేం గురక పెట్టవు."

కోసిన చేలో రాత్రంతా మందను నిలిపితే ఎరువు పడుతుంది. బదులుగా చేనువాళ్ళు కాపరికి అన్నం పెడతారు. పొద్దు వాలేసరికి ఈరమ్మ గంప తెచ్చింది. నన్నూ మందవాడి లెక్కలో వేసి జొన్నరొట్టె, శెనక్కాయల చట్నీ పెట్టింది. రెండు రొట్టెలు తిన్నాను.

తరువాత చలిగాలి లేచింది. మోకాలు మళ్ళీ సలపసాగింది. సిగ్గు విడిచి డ్రైవరుకు ఫోన్ చేశాను. అతను వచ్చేసరికి గుడారం సగం విప్పాను.

బీరప్ప లేచాడు. "యాడికి? మంద కట్టిన చేలో ముద్ద తిన్నోడు తెల్లారేదాకా చేను దాటకూడదు. దాటితే పంట నిలవదంటారు."

"తినకముందే ఫోన్ చేసింటే అయిపోతుండె కదా సామీ," అని డ్రైవరు నవ్వాడు.

ఇలాంటి నమ్మకాలను తుడిచిపెట్టే పుస్తకాలు నేను చాలానే చదివాను. వాటిలోంచి ఒక వాదం తీసి విసరవచ్చు. కానీ గంప సర్దుకుంటున్న ఈరమ్మ చెయ్యి ఆగింది. వచ్చే ఏడు వాన తప్పినా, పురుగు పడినా ఆమె లెక్కలో తప్పు నాదే అవుతుంది. ఆటోను వెనక్కి పంపాను. బీరప్ప ఒక గొంగడి ఇచ్చాడు. గొర్రెల వాసన భరించలేనంతగా ఉంది, వెచ్చగానూ ఉంది. నిద్ర పట్టింది.

పొద్దున మిత్రుడికి ఫోన్ చేద్దామనుకుని మానుకున్నాను. ధైర్యంగా ఉన్నానని చెబితే అబద్ధం. రెండు రొట్టెలు కట్టేశాయని చెబితే నిజం, దాన్ని వాడు చచ్చేదాకా నవ్వుతూ చెప్పుకుంటాడు. ఆ సుఖం వాడికెందుకు? బయలు ప్రదేశంలో మనిషి ఒంటరిగా ఉంటాడని ఎవరు రాశారో గానీ, వాళ్ళు చేలో దిగినవాళ్ళు కారు. ఇక్కడ ఖాళీగా కనబడే ప్రతి నేలకూ ఒక మనిషి, ఒక వంతు, ఒక కట్టుబాటు ఉన్నాయి.

వెళ్ళేవారికి ఒక్క మాట. గుడారం వేసేముందు చేను ఎవరిదో, మంద ఏపొద్దు దిగుతుందో ఊళ్ళో అడగండి. ఎవరైనా ముద్ద పెడితే, తెల్లారేదాకా ఉండగలరో లేదో తేల్చుకున్నాకే చెయ్యి కడగండి.