ఎడమవైపు గీతలు

రాయికోడ్ బడిలో పంతులుగా చేరిన కొన్నాళ్లకు నాకు పెద్ద మోటరు సైకిలు మీద మోజు పుట్టింది. డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. బడికి పోవడానికి బస్సు సరిగా దొరకదని అందరికీ చెప్పేవాణ్ణి గానీ అసలు కారణం వేరు. మా ఇల్లు జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డు పక్కనే. షోలాపూర్ వైపు పోయే లారీలను చూసినప్పుడల్లా, భార్యను వెనక కూర్చోబెట్టుకుని నేనూ ఆ రోడ్డు పట్టుకుని పోవాలనిపించేది. కొత్తగా పెళ్లయిన రోజులు. కొత్త బండికి పేరు రాయించుకుంటే ఏళ్లు పట్టేది. అందుకని పాతదాని కోసం వెతుకుతున్నాను.

పశువుల దవాఖాన కాంపౌండరు తన బండి అమ్ముతున్నాడని తెలిసి నమ్మలేకపోయాను. ఆ బండిని మా ఊళ్లో ఎరగనివాళ్లు లేరు. మొగుడంపల్లి దాకా పల్లెలన్నీ ఆయన దానిమీదే తిరిగి పశువులకు సూదులు వేసేవాడు. భార్యనూ కూతురినీ ఎక్కించుకుని బీదర్‌లో అత్తగారింటికి, క్రిస్మస్‌కు మెదక్ చర్చికి, ఒకసారి ఏకంగా గోవాకు పోయివచ్చాడు. వెనక చక్రానికి రెండు పక్కలా సామాన్ల పెట్టెలు, ముందు గాలికి అడ్డంగా అద్దం బిగించి ఉండేవి.

ఆయిలింజన్లు బాగుచేసే మా మేనమామను వచ్చి చూడమన్నాను. నడుం పట్టేసి మంచం మీద ఉన్నాడు. పడుకునే చెప్పాడు.

"పొద్దుగాలనే పో. ఇంజను సల్లగున్నప్పుడు సూడాలె. మనం పోయెసరికే వేడిగున్నదంటె, సల్లటి ఇంజను ఒక్క కిక్కుకు లేస్తలేదన్నట్టు. ముందు చక్రం లేపి హ్యాండిలు అటిటు తిప్పు. యాడనన్న పట్టేసినట్టుంటె వద్దని వచ్చెయ్. నంబరు కాగితంతోని కలువాలె."

"ఇంకేం చూడాలె మామా?"

"పాత బండికి ఒక్కకాడనే కొత్త రంగుంటె అక్కడ ఆగు. ఎందుకేసిండో అడుగు. జవాబు కుదరకపోతె మల్ల అడుగు. షరమ్ పడి అడగకుంటె మునుగుతవ్."

ఆదివారం పొద్దున్నే పోయాను. వాళ్లు చర్చికి పోయే తొందరలో ఉన్నారు. కూతురు, పదేళ్లుంటాయి, గడపలో కూర్చుని తల్లి చేత జడ వేయించుకుంటోంది. కాంపౌండరు వాకిట్లోకి వచ్చి బండి మీది గోనెపట్టా తీశాడు. ఇంజను మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. మొదటి కిక్కుకే లేచింది. పొగ లేదు, లోపల గలగల లేదు. హ్యాండిలు మెత్తగా తిరిగింది. గొలుసుకు నూనె ఉంది, టైర్లు ఇంకో ఏడాది నడుస్తాయి. ఇంత బాగా చూసుకున్న బండిని ఎందుకు అమ్ముతున్నాడా అన్న ఆలోచన కూడా నాకు రాలేదు. దీన్ని వద్దనడానికి కారణం దొరకదేమోనని లోలోపల సంబరపడుతున్నాను. బేరం చేయడానికి మాత్రం ఒక్క లోపమైనా దొరికితే బాగుండుననుకున్నాను.

దొరికింది. ఎడమవైపు కాళ్లకు అడ్డంగా ఉండే కమ్మీకి కొత్త నల్లరంగు. వేలితో తడిమితే రంగు కింద గుంటలు తగిలాయి. ఎడమ క్లచ్చు పిడి కొత్తది, కుడిది పాతది. ఎడమ పెట్టె మీద పొడుగ్గా గీతలు. కొన్నింటికి తుప్పు పట్టింది, కొన్ని నిన్నమొన్నటివిలా తెల్లగా మెరుస్తున్నాయి. ఒకదాంట్లో ఎడ్లబండి చక్రానికి వేసే ఎర్రరంగు అంటుకుని ఉంది. కుడివైపు ఒక్క గీత లేదు.

"అన్నా, బండి పడ్డదా?"

"ఒక్కసారి. వానకాలం, బురదల జారింది."

"ఒక్కసారిదైతె ఇన్ని తీర్ల గీతలెందుకుంటయి? ఇది రాయి తగిలింది. ఇది ఎడ్లబండి. ఇదేమో మొన్నటిదే."

సరిగ్గా అప్పుడే జడ మధ్యలో వదిలి లోపలికి పోయిన ఆయన భార్య చాయ్ గ్లాసులు పట్టుకుని మెట్లు దిగింది. నేను ఆమెను చూశాను. చూసి కూడా, అప్పటికి నా చేతికి చిక్కిన లోపాన్ని వదలబుద్ధి కాక మళ్లీ అడిగాను.

"అన్నీ ఎడమదిక్కే ఎందుకున్నయన్నా?"

ఆమె ఆగిపోయింది. "ఎడ్లబండికి తగిలిందా? ఎప్పుడు? నాకు చెప్పలేదేంది?" అని ఆయనను అడిగింది.

కాంపౌండరు సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నాతో కాదు, ఆమెతో అన్నాడు. "ఎడమ కన్ను కనవడ్తలేదు. నిరుడు ఎండకాలం నుంచి. మెల్లమెల్లగ పోయింది."

ఆమె గ్లాసులను మెట్టు మీద పెట్టింది. "మొన్న పిల్లను బీదర్ తోల్కపోయినవ్ గద."

జడ సగంలో ఉన్న పిల్ల లేచి లోపలికి పోయింది.

మళ్లీ వస్తానన్నాను. ఆమె నావైపు తిరిగి, "మల్ల రావుడేంది తమ్మీ. బండి మంచిగున్నదని చూసినవ్ గద. ఇప్పుడే తోలుకపో. నా వాకిట్ల ఉండొద్దు" అంది. ఆయన అడిగిన ధరకే తీసుకున్నాను. తాళంచెవి నా చేతిలో పెడుతూ, "గేరు మీద గట్టిగ తొక్కకు, జర మెల్లగ వేస్తె పడ్తది" అని మాత్రం చెప్పాడు. వాళ్లు ఆ ఆదివారం చర్చికి పోలేదని తరవాత తెలిసింది.

మామ విని మెచ్చుకున్నాడు. నా భార్య కూడా, "నువ్వు అడగకపోతె ఆ పిల్ల ఏ లారీ కిందనో పడేది" అంది. నిజమే. ఎన్నిసార్లు తిప్పితిప్పి ఆలోచించినా అడగడంలో తప్పు కనిపించేది కాదు. కానీ ఆమె మెట్లు దిగుతుంటే చూసి కూడా అడిగాను. ఆమె లోపలికి పోయేదాకా ఆగితే ఏం పోయేది? ఆయన తనంతట తాను ఆమెకు చెప్పుకునేవాడేమో. అసలు తోలడం మానేద్దామనేనేమో ఆయన బండి అమ్మకానికి పెట్టింది. ఆ మాట ఆయన నోట్లోంచి లాగుతున్నప్పుడు నాలో ఉన్నది పిల్ల మీద భయం కాదు, తప్పు పట్టానన్న ఉత్సాహం.

ఉండబట్టలేక వారం తిరగకముందే వాళ్లింటికి పోయి, హైదరాబాద్ కంటి దవాఖానకు నేను తీసుకుపోతానన్నాను. ఆయన వద్దనలేదు. బస్సులో పోయాం. డాక్టరు చూసి, అది నీటికాసుల జబ్బనీ, ఎడమ కన్ను ఇక రాదనీ, రోజూ చుక్కలు వేస్తే కుడి కన్ను నిలుస్తుందనీ చెప్పాడు. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే అదీ పోయేదన్నాడు. ఆ మాట విన్నాక కూడా నా గుండె తేలికపడలేదు.

తిరుగు బస్సులో సదాశివపేట దాటాక ఆయన అన్నాడు.

"పిల్ల వెనక కూసున్నప్పుడు కూడ తగిలిచ్చిన సారూ. ఎడ్లబండి గీత అప్పటిదే. దానికి బిస్కెట్లు కొనిచ్చి, అమ్మకు చెప్పకు అన్న. అది చెప్పలే. ఇప్పుడు వాళ్లమ్మ నాతోని మాట్లాడ్తలేదు, దానితోని గూడ మాట్లాడ్తలేదు. పిల్లతోని అబద్ధమాడిచ్చిన."

ఆ పొద్దు ఆమెను చూసి కూడా అడిగానన్న నా సంగతి చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆయన మోస్తున్న బరువు ముందు అది చిన్నదిగా అనిపించి మింగేశాను.

ఆయన తనే పై అధికారికి కన్ను సంగతి చెప్పి పల్లెలు తిరిగే పని మానుకున్నాడు. దవాఖానలోనే మందులిచ్చే పనికి మార్చారు. రైతులు ఎడ్లను అక్కడికే తోలుకొచ్చేవాళ్లు. కొన్ని నెలలకు ఇంట్లో మాటలు కలిశాయని విన్నాను. కానీ కూతురిని ఆయన వెంట సంతకు కూడా పంపేది కాదట ఆమె.

మేము ఆ బండి మీద షోలాపూర్ పోయాం, గుల్బర్గా పోయాం. చల్లటి గాలిలో రోడ్డు సాఫీగా సాగుతుంటే నా భార్య వెనక నుంచి పాడేది. ఒక్కోసారి, ఈ సుఖం ఎవరి వాకిట్లోంచి తెచ్చుకున్నానో గుర్తొచ్చి వేగం తగ్గించేవాణ్ణి. ఎందుకని అడిగితే రోడ్డు బాగాలేదనేవాణ్ణి. పంతొమ్మిది వందల ఎనభై దాటాక పిల్లలు పుట్టి, బండిని వేరేవాళ్లకు ఇచ్చేశాను.

పండగకో పబ్బానికో వాళ్లింటికి పోతూనే ఉండేవాణ్ణి. ఆయన ఎప్పుడూ ఆదరంగా పిలిచి కూర్చోబెట్టేవాడు. ఒక క్రిస్మస్ నాడు ఆయన లోపల ఉన్నప్పుడు ఆమె నా ముందు కేకు పళ్లెం పెట్టి మెల్లగా అంది. "నువ్వు అడిగి మంచి చేసినవ్ తమ్మీ. మా పిల్ల బతికున్నదంటె అందుకే. గానీ నువ్వొచ్చినప్పుడల్ల నాకు ఆ పొద్దు యాదికొస్తది. ఏం జేసినా పోతలేదు."

కేకు తిన్నాను. ఆ తరవాత వాళ్లింటికి పోవడం తగ్గించాను. బజారులో కాంపౌండరు ఎదురైతే మాత్రం, ఆయనకు కనిపించేలా కుడివైపు నుంచి పోయి పలకరించేవాణ్ణి.