మూత మీద గీత

నాకు అనుమానం ఎక్కువ. కూరగాయల బండి దగ్గర తక్కెడ వైపు చూడకుండా ఒక్క టమాటా కూడా కొన్నదాన్ని కాదు. బస్సులో పక్కసీటు ఆవిడ కళ్లు మూసుకుంటే నిజంగానే నిద్రపోతోందా అని ఓ కంట కనిపెడుతూ ఉంటాను. మా అమ్మదీ ఇదే జబ్బు. అందుకే డిగ్రీ ఆఖరి సంవత్సరంలో, మైక్రోబయాలజీ ల్యాబులో నా పళ్లెం పాడైన మొదటి రోజే ఎవరో కావాలని పాడుచేశారని తీర్మానించేసుకున్నాను.

పళ్లెం అంటే పెట్రీ డిష్. అరచేతిలో పట్టే గాజు పళ్లెం, దానికో వదులైన గాజు మూత, లోపల జున్నులా గడ్డకట్టిన అగర్. సన్నటి తీగను దీపం మంటలో ఎర్రగా కాల్చి, చల్లారాక దాంతో కాస్త బ్యాక్టీరియాను తీసి, ఆ అగర్ మీద గీతలు గీస్తూ పోవాలి. గీసేకొద్దీ అది పలచబడి, మర్నాటికి ఆఖరి గీత దగ్గర విడివిడి చుక్కలుగా మొలుస్తుంది. చుక్కలన్నీ ఒకే రకంగా ఉంటే పని శుభ్రంగా చేసినట్టు. వేరే రకం కనిపిస్తే బయటిదేదో లోపలికి దూరినట్టు.

మా మేడమ్ ఆ ఏడు ఒక మాట చెప్పింది. ఊళ్లో తను చూసుకునే డయాగ్నొస్టిక్ ల్యాబులోకి ఎండాకాలం రెండు నెలలు ఒక్కరిని తీసుకుంటానంది. వరసగా ఐదు పళ్లేలు శుభ్రంగా తెచ్చినవాళ్లకే ఆ చోటు. నిజమైన రోగుల నమూనాలు, నిజమైన రిపోర్టులు. నాకు అది కావాలి. నా బల్ల మీదే, నా మోచేయి తగిలేంత దూరంలో పనిచేసే అమ్మాయికీ అదే కావాలి. ఉన్నది ఒక్క చోటు.

ఆ అమ్మాయి అల్వాల్ నుంచి వచ్చేది. వాళ్ల కుటుంబం కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. నోట్లో నాలుక లేని మనిషి. నేను మెట్టుగూడ నుంచి పది అడుగులేసినట్టు వచ్చేస్తాను, అయినా రెండు బస్సులు మారి వచ్చే ఆమె నాకంటే ముందే ల్యాబులో ఉండేది. మొదట్లో బుద్ధిమంతురాలు అనుకున్నాను. నా రెండో పళ్లెం కూడా పాడయ్యాక, ఇంత పొద్దున్నే ఈమెకు ఇక్కడేం పని అనుకోవడం మొదలుపెట్టాను.

రెండుసార్లూ ఒకే మచ్చ. తెల్లగా, పొడిగా, ముడతలు పడి, కాల్చిన అప్పడం ముక్కలా పరుచుకునేది. పక్కనే ఆమె పళ్లెం అద్దంలా ఉండేది. అయ్యో అనేది నన్ను చూసి. ఆ అయ్యోలో నాకు జాలి తప్ప అన్నీ వినిపించేవి.

నా జాగ్రత్తలో లోపం ఉందా అంటే, ఉండే ప్రసక్తే లేదు. సబ్బుతో మోచేతుల దాకా కడిగేదాన్ని. బల్లను స్పిరిట్‌తో తుడిచేదాన్ని. దీపం వెలిగించి, అమ్మ పూజ చేసి కాగితంలో కట్టిచ్చిన అక్షింతలు ఏప్రాన్ జేబులో ఉంటాయి కదా, వాటిని ఓసారి వేళ్లతో తాకి కళ్లకద్దుకుని, ఆ తర్వాతే మూత తీసేదాన్ని. ఇంతకంటే శ్రద్ధగా ఎవరు చేస్తారు?

ఇంట్లో చెప్పాను. అమ్మ వింటూ వింటూనే మొహం మార్చేసింది. "ఎవల కన్నో వడ్డది బిడ్డా. రేపటి సంది జెర ఎక్కువ కట్టిస్త. మంచిగ మొక్కి షురూ చెయ్యి" అంది. మర్నాటి నుంచి పొట్లం రెండింతలైంది. ప్రాక్టికల్ ఉన్న ప్రతి పొద్దునా కొత్త బియ్యం, కొత్త పసుపు. మూడో పళ్లెంలో మచ్చలు ఏడు.

ఇక ఆగలేకపోయాను. నాలుగోసారి గీతలు పూర్తయ్యాక, ఎవరూ చూడకుండా మార్కర్ తీసి మూత అంచు మీద నుంచి పళ్లెం అడుగు దాకా ఒకే సన్నని గీత కలిపాను. మూత ఎవరైనా తీసి పెడితే గీత తెగుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. మర్నాడు అటెండర్, పళ్లేలు రాత్రంతా ఉండే వెచ్చటి పెట్టెలోంచి ట్రే తెచ్చి బల్ల మీద పెట్టగానే చూశాను. మూత మీది గీత వేలెడు పక్కకు జరిగి ఉంది. లోపల తెల్లటి మచ్చలు. కోపం వచ్చింది, నిజమే. కానీ అంతకు ముందు సంతోషం వచ్చింది. దాచుకోను. దొంగ దొరికిందన్న సంతోషం.

మేడమ్ ముందు, క్లాసంతా వింటుండగా చెప్పేశాను. గీత ఎలా గీశానో, ఎలా తెగిందో, పళ్లెం ఎత్తి పట్టుకుని చూపించాను. మా బల్ల దగ్గర నేను కాక ఇంకెవరున్నారో అందరికీ తెలుసు, నేను పేరు కూడా చెప్పనక్కర్లేదు. ఆ అమ్మాయి పళ్లేన్ని చూసింది, గీతను చూసింది, నన్ను చూసింది. ఒక్క మాట అంది.

"నీ మూత నేను ఒక్కసారి కూడా తీయలేదు."

మేడమ్ ఇద్దరినీ తన గదికి రమ్మంది. బ్యాగులు బయట పెట్టించి, మా ఏప్రాన్లు కూడా విప్పించి, కాలేజీవి చెరొకటి ఇచ్చింది. ఒకరిని ఈ మూల, ఒకరిని ఆ మూల కూర్చోబెట్టి తన కళ్లముందే గీయించింది. మర్నాడు ఇద్దరి పళ్లేలూ శుభ్రంగా వచ్చాయి. నాది కూడా. ఒక్క తెల్లమచ్చ లేదు.

ఇంకేం కావాలి రుజువు? ఆమెను నా పక్క నుంచి తీసేస్తే నా పళ్లెం బాగుపడింది. క్లాసులో చెవులు కొరుక్కోవడం మొదలైంది. ఆమె పక్కన కూర్చోవడం ఒకరిద్దరు మానేశారు. నాతో మాట్లాడనివాళ్లు కూడా వచ్చి, మాకు ముందే డౌటు అన్నారు. మేడమ్ పాత లెక్క కొట్టేసి, కొత్తగా ఐదు అయ్యేలా ఇంకో నాలుగు పళ్లేలు అలాగే ఆ ఏప్రాన్లతోనే చేయించింది, నావి అన్నీ బాగా వచ్చాయి. ఆమెవీ వచ్చాయి, కానీ ఆమె మధ్యలోనే వెళ్లి తనకు ఆ చోటు వద్దని చెప్పేసింది. తప్పు చేసింది కాబట్టే తప్పుకుందని నేను అనుకున్నాను, అనడం కూడా అన్నాను.

ఎండాకాలం వచ్చింది. ల్యాబులో మొదటి రోజు మేడమ్ నాకు చిన్నపిల్లల పని ఇచ్చింది. చేతులు కడగకముందు ఒక పళ్లెంలో అగర్ మీద వేళ్లు నొక్కాలి, కడిగాక ఇంకో పళ్లెంలో నొక్కాలి. సబ్బు ఎంత పనిచేస్తుందో కళ్లారా చూడటానికి. నాకు కొంచెం నామోషీగా అనిపించింది. మొదటి పళ్లెంలో నొక్కాను. వెళ్లి కడుక్కుని వచ్చాను. రెండో పళ్లెం మూత తీయబోతూ, అలవాటు కొద్దీ నా ఏప్రాన్ జేబులో చెయ్యిపెట్టి, కళ్లకద్దుకుని, అప్పుడు నొక్కాను.

మర్నాడు మొదటి పళ్లెంలో అందరికీ ఉండే చిన్న చిన్న చుక్కలే ఉన్నాయి. రెండో దాంట్లో, కడిగిన చేతి పళ్లెంలో, తెల్లగా, పొడిగా, ముడతలు పడిన అప్పడాలు.

మేడమ్ నా భుజం మీద నుంచి తొంగిచూసి, కడిగినంక ఎక్కువైనయేందమ్మా, నిన్న చెయ్యి వెట్టినవు, జేబుల ఏమున్నది అని నవ్వుతూనే అడిగింది. పొట్లం తీసి చూపించాను. ఆమె అందులోంచి మూడు గింజలు కొత్త అగర్ మీద వేసింది. మరునాటికి మూడు గింజల చుట్టూ అదే మచ్చ. బియ్యంలో, పసుపులో ఈ రకం సూక్ష్మజీవులు మామూలేనట, గట్టి పెంకులో దాక్కుని ఎన్నాళ్లైనా బతుకుతాయట. నేను వింటున్నాను గానీ నా చెవుల్లో ఆ అమ్మాయి మాటే మోగుతోంది. కాలేజీ ఏప్రాన్ జేబులో పొట్లం లేదు. అందుకే నా పళ్లెం బాగుపడింది. ఆమెను దూరం పెట్టినందుకు కాదు.

అయినా చూడండి నా బుద్ధి, మరి గీత ఎలా జరిగింది అని ఒక మూల ఇంకా పీకుతూనే ఉంది. ఐదు ఖాళీ పళ్లేలకు గీతలు కలిపి, ట్రేలో పెట్టి, గది ఈ చివర నుంచి ఆ చివరకు నేనే మోసుకెళ్లాను. నాలుగు మూతలు వాటంతట అవే తిరిగిపోయాయి. వదులు మూతలు, తిరగక ఏం చేస్తాయి? తల కొట్టేసినట్టైంది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఈ చోటు నాదే, కాలేజీలోనూ ఆ పొట్లం నా జేబులో ఉండేదని ఎవరికీ తెలియదు కూడా. మూడో రోజు మేడమ్‌కు మొత్తం చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఒక్కటే అడిగింది.

"నీ ప్లేట్ మీద గీసినవు, సరే. ఆ పిల్ల ప్లేట్ మీద సుత గీసినవా?"

గీయలేదు. గీసి ఉంటే ఆమె మూత కూడా జరిగి ఉండేది, అక్కడితో అయిపోయేది. ఏ ప్రయోగమైనా పోల్చి చూసుకోవడానికి ఇంకో పళ్లెం పెట్టాలని మాకు మొదటి పాఠంలోనే చెప్పారు. నేను పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మిగిలిన రోజులన్నీ ఆ అమ్మాయికి ఇవ్వమని మేడమ్‌ను అడిగాను. నువ్వే పోయి పిలువు అంది.

అల్వాల్‌లో వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ గేటు తీసి, నేనెవరో తెలిసి కూడా మంచినీళ్లు ఇచ్చింది. ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడి అంతా వింది. అక్షింతల సంగతి చెప్తే నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. క్షమించమన్నాను. ఆమె ఎప్పటి నుంచి రావాలని అడిగింది.

సోమవారం వచ్చింది. ఆ రోజు ఆమెకు పనంతా అప్పజెప్పి నేను వెళ్లిపోవాలి. నమూనాలు ఎక్కడుంటాయో, వెచ్చటి పెట్టె తలుపు ఎలా గట్టిగా నొక్కాలో చూపించాను. చివరికి ఇద్దరం పక్కపక్కన కూర్చుని చెరో పళ్లెం గీశాం. నా జేబు ఖాళీ. ఆమె మూత పెట్టేసి, బల్ల మీది మార్కర్ తీసుకుని, నా మొహంలోకి చూస్తూ మూత నుంచి అడుగు దాకా ఒక గీత కలిపింది. నేను తలొంచుకున్నాను. నాకు తగిన శాస్తే అనుకున్నాను.

ఆమె చెయ్యి చాచి నా పళ్లేన్ని దగ్గరకు లాక్కుంది. దాని మీదా అలాంటి గీతే గీసి, రెండింటినీ ఒకే ట్రేలో పెట్టింది.