అప్పన్న క్రేన్ ఎందుకు నడపనన్నాడు

కరోనాకి ముందటి ఏడాది జూన్‌లో నన్ను జంషెడ్‌పూర్‌లోని ఒక పోత కర్మాగారంలో సిబ్బంది అధికారిగా వేశారు. దాని పేరు ఇక్కడ అనవసరం. కార్మికుల ఫిర్యాదులు వినడం, విచారణ సంఘానికి నివేదికలు రాయడం, నెలకోసారి సూపర్‌వైజర్లకు ‘మనిషి చేత పని చేయించేదేమిటి’ అని పాఠం చెప్పడం నా పనులు.

పాఠంలో మూడు సిద్ధాంతాలుండేవి. మొదటిదాని ప్రకారం మనిషి అవసరాలు మెట్లు. తిండి, భద్రత, నలుగురితో కలిసుండటం, గౌరవం, ఆపైన తనలో ఉన్న శక్తినంతా వాడుకోవడం. కింది మెట్టు గట్టిపడితేనే పైదాని మీద ధ్యాస. రెండోది ఈ మెట్లను ఒప్పుకోదు. జీతం, ఫ్యాను, క్యాంటీను లేకపోతే మనిషి సణుగుతాడు, అవి ఉన్నంత మాత్రాన ఒళ్ళొంచి పనిచేయడు; పని చేయించే మెప్పూ బాధ్యతా వేరే జాబితా. మూడోది మనుషుల్ని వాళ్ళ ఆకలిని బట్టి విడదీస్తుంది: సాధించాలనేవాళ్ళు, తోడు కోరేవాళ్ళు, పెత్తనం కోరేవాళ్ళు. ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ చతికిలబడుతుందో బోర్డు మీద గీసి మరీ చూపించేవాణ్ణి. నాకు వాటి మీద వెర్రి నమ్మకం. నా మీద ఇంకా ఎక్కువ.

ఆ వర్షాకాలంలోనే అప్పన్న కేసు వచ్చింది. అప్పన్న శ్రీకాకుళం వైపు మనిషి, ఊళ్ళోనే బర్మామైన్స్ పేటలో కాపురం. షెడ్డు కప్పు కింద పట్టాల మీద నడిచే క్రేన్‌కి ఆపరేటరు, పర్మినెంటు ఉద్యోగి. క్రేన్ క్యాబిన్‌లో కూర్చున్నవాడికి కింద బరువు పూర్తిగా కనిపించదు. నేల మీద సిగ్నల్‌మన్ చేత్తో చూపించే గుర్తులే ఆధారం. అరచెయ్యి కిందికి ఊపితే దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని. గుర్తు తప్పితే కింద మనుషులు నలుగుతారు. అప్పన్నకి చాలా ఏళ్ళుగా గురువులు సిగ్నల్‌మన్. అతడూ ఆ వైపువాడే, కానీ కాంట్రాక్టు కూలీ. జులైలో కాంట్రాక్టరు మారాడు, కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకున్నాడు, గురువులు పని పోయింది. వారం తిరక్కుండానే పోతపోసిన ఒక పెద్ద ఇనుప దిమ్మ ఎత్తాల్సిన సమయంలో అప్పన్న క్యాబిన్ దిగి వచ్చేశాడు. గురువులు వస్తేనే ఎక్కుతానన్నాడు.

పని నిరాకరణ అంటే ఛార్జిషీటు. హెచ్చరికతో వదలాలా, క్రేన్ మీంచి తీసెయ్యాలా అన్నది విచారణ సంఘం తేలుస్తుంది. అప్పన్నకి ఆ పని తప్ప మరొకటి రాదు. ఎందుకు నిరాకరించాడో కనుక్కుని రాయమని నాకు చెప్పారు. అందుకోసం నేనే ఒక ఫారం తయారుచేశాను. అయిదు మెట్లకి అయిదు గడులు.

బిష్టుపూర్ పేటలో ఉన్న మా ఆఫీసుకి పిలిపించాను. కుర్చీ అంచున కూర్చున్నాడు. జీతం, క్వార్టరు, బీమా అన్నీ సరిగానే ఉన్నాయన్నాడు. ఇంకేం, మూడో మెట్టే అనుకున్నాను. గురువులు మీకు చాలా కావలసినవాడు కదా అని మెత్తగా అడిగాను. నావైపు చిరాగ్గా చూశాడు.

“ఆడికీ నాకూ మాటల్నేవు బాబూ. మా సెల్లి సమ్మందం కాడ సెడింది. పన్నెండేళ్ళయింది. ఆడి మొకం నాకక్కర్నేదు. ఆడి సెయ్యి కావాల.”

నాకు అర్థం కాలేదు. అప్పుడు తనే విడమరిచాడు. “కొత్తోడు నా వేపు సూడడు. ఫోర్‌మేన్ మొకం సూసి సెయ్యెత్తుతాడు. గురువులు అలగ కాదు. ఫోర్‌మేనూ అందరూ ఉతారో, దించు దించు అని అరుత్తన్నా, ఆడికి నమ్మకం కుదిరేదాకా పిడికిలి ఇప్పడు.”

అంతా విన్నాను. విని, ‘నలుగురితో కలిసుండటం’ అన్న గడిలో టిక్కు పెట్టాను. పాత సహచరుడు దూరమైన బెంగ అని రాశాను. సీనియర్ ఆపరేటరు అన్న హోదా ఇస్తే సర్దుకుంటాడని రెండో సిద్ధాంతం ప్రకారం ఒక సిఫార్సు కూడా తగిలించాను. తోడు కోరేవాడని మూడోదాని ప్రకారం ఒక మాట. దించమని అరిచే ఫోర్‌మేన్ సంగతి రాయలేదు. దానికి ఫారంలో గడి లేదన్నది సగమే నిజం. వచ్చి రెండు నెలలు కాలేదు, ఫోర్‌మేన్ మీద మాట తెస్తే షెడ్డు పెద్దలతో పేచీ అని జంకాను. అది పిరికితనం, ఇంకో పేరు లేదు.

సంఘం నా నివేదిక చదివింది. స్నేహితుడి కోసం పని ఆపడం కుదరదని తేల్చింది. హోదా సంగతి ఎవరూ ఎత్తలేదు. అప్పన్నని క్రేన్ మీంచి తీసి తుక్కు యార్డులో హెల్పరుగా వేశారు. అతడు అప్పీలు చేసుకోలేదు. ఆ తర్వాత యార్డు వైపు వెళ్ళినప్పుడల్లా ఇనుప ముక్కలు ఏరుతూ కనిపించేవాడు. షెడ్డులో క్రేన్ సైరన్ మోగినా తలెత్తేవాడు కాదు. నన్ను చూస్తే మాత్రం నమస్కారం పెట్టేవాడు, అదే నాకు కష్టంగా ఉండేది.

ఆ ఏటి చలికాలంలో మాంగో అనే పేట బజారులో గురువులు ఎదురయ్యాడు. ఉల్లిపాయల మండీలో బస్తాలు మోస్తున్నాడు. క్రేన్ మీద ఇప్పుడెవరున్నారని తనే అడిగాడు. చెప్పాను. అప్పన్న ఏమన్నదీ, మాట మాటా చెప్పాను. భుజం మీది బస్తా దించాడు.

“ఆడలగ అన్నాడా?” అన్నాడు. తర్వాత, “మరది రాయనేదేటి బాబూ?”

అతడు బస్తా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

రిటైరయ్యేదాకా ఆ మూడు సిద్ధాంతాలూ చెబుతూనే ఉన్నాను. అవి తప్పని ఇప్పటికీ అనను. అయితే మూడూ మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అతడికేం కావాలని అడుగుతాయి. అప్పన్న అడిగింది భద్రతే, రెండో మెట్టే. అది ఇంకొకడి పిడికిట్లో ఉంది. ఆ ఫారం మాత్రం చించేశాను. ఆ తర్వాత విచారణలన్నిట్లో తెల్ల కాగితం పెట్టుకుని, ఎదుటివాడు చెప్పింది చెప్పినట్టు ముందు రాసుకునేవాణ్ణి, నా అభిప్రాయం ఆఖర్న. అప్పన్నకి అది పనికిరాలేదు.