ఐసు పెట్టవద్దన్న డబ్బా

మా ఆయనకు కాలేయంలో గడ్డ లేచి, ఇక మందులు పనిచేయవని తేలాక, హైదరాబాదు డాక్టరు ఒక్క దారి మిగిలిందన్నాడు. రోగంతో కొట్లాడే కణాలు నెత్తురులోనే ఉంటాయట. వాటిని తీసి, ల్యాబులో మేపి, పెంచి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కిస్తారట. బతుకుతాడని మాట ఇవ్వలేనని కూడా అన్నాడు. నా చెవికి అది ఎక్కలేదు. మా వాడ మొత్తానికి ఒక్క సెల్‌ఫోను ఉన్న రోజులవి, నాకేం తెలుసు.

ఆయన బస్సెక్కే స్థితిలో లేడు. బాన్సువాడలోని మా ఇంటికే కాంపౌండరు వచ్చి నెత్తురు తీసి, సీసాలను దూదిలో చుట్టి తెల్ల డబ్బాలో పెట్టాడు.

"అక్కా, ఎండ తగలనియ్యకు. ఐసు సుత పెట్టకు. అవి పాణమున్నయి, సల్లవడితే సచ్చిపోతయి."

సరే అన్నాను. హైదరాబాదు బస్సెక్కి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎండకు బస్సు కాలిపోతోంది. పక్క సీటు ముసలామె నవ్వింది.

"ఏంది చెల్లె, గంత భద్రంగ పట్టుకున్నవ్? పెండ్లి లడ్లా?"

"మా ఆయన నెత్తురు."

"గీ ఎండలనా! కరాబైతది. మా బర్రెకేసే సూదిమందే ఐసుల వెట్టుకొస్తరు. మనిషిది గిట్లనే తీస్కవోతరా?"

కండక్టరు కూడా అవునన్నాడు. డబ్బా మీద చెయ్యి వేసి చూశాను, వేడిగా ఉంది. పిట్లంలో బస్సు ఆగగానే దిగి, సోడా దుకాణంలో ఐసు కొట్టించుకుని సీసాల చుట్టూ కూరాను. అప్పుడు నాకు ఊపిరి ఆడింది.

ల్యాబులో మూత తీసిన అమ్మాయి ఐసు నీళ్ళు చూసి, సీసాలు లోపలికి పట్టుకెళ్ళింది. చాలాసేపటికి బయటికి వచ్చింది.

"బతికినవి చాలా తక్కువమ్మా. పెంచడానికి సరిపోవు. మళ్ళీ తీయించి తెండి."

ఇంటికి రాగానే ఆయన అడిగాడు.

"బతికున్నయా?"

"బస్సు లేటైంది. మళ్ల కావాల్నట."

"ఏమే, దారిల నువ్వే తాగినవా ఏంది?" అని నవ్వుతూ చెయ్యి చాపాడు. కాంపౌండరు మూడు చోట్ల పొడిచాడు. నరం దొరకలేదు. ఆయన ఒంట్లో తీయడానికి ఇక నెత్తురు లేదన్నాడు.

తరువాత బతికిన పదకొండు రోజులూ ఆయన ఆ బస్సు డ్రైవరును తిట్టాడు. పక్కన కూర్చుని నేనూ తిట్టాను.