ఉస్తాద్ వాళ్ల సర్కారు

మాకు వీసాలిచ్చిన యజమాని, మా కఫీల్, చనిపోయాక ఆయన ఇద్దరు కొడుకుల మధ్య తగవు మొదలైంది. మీనా సల్మాన్ రేవులోని మా వర్క్‌షాపు ఎవరిదో తేలేదాకా తెరవకూడదని కోర్టువాళ్లు ఆఫీసు గదికి తాళం వేసి సీలు పెట్టారు. మా పాస్‌పోర్టులన్నీ ఆ గదిలోనే ఉండిపోయాయి. పడవల ఇంజన్లు బాగుచేసే పని మాది. కొందరు చాటుగా వేరే పనులు వెతుక్కుని వెళ్లిపోయారు. చివరికి వెనక రేకుల గదిలో నేను, ఉస్తాద్ మిగిలాం.

ఉస్తాద్ పోర్చుగల్ మనిషి. లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. పడుచు వయసులో ఓడల రిపేరుకని గల్ఫ్‌కు వచ్చాడు, కాపురం చెడింది, ఇక్కడే ఆగిపోయాడు. నాతో గల్ఫ్ హిందీలో మాట్లాడేవాడు. నేను వండిన పప్పన్నం తినేవాడు, మిరపకాయలు మాత్రం ఏరి పక్కన పెట్టేవాడు.

ఇక్కడ ఉండడానికిచ్చే ఆయన కార్డుకు ఇంకా గడువుంది. నాది అయిపోయింది. రోడ్డు మీద పోలీసులు అడిగితే చూపించడానికి నా దగ్గరేమీ లేదు. అందుకే గేటు దాటడం మానేశాను. నయీమ్‌లో ఉండే హైదరాబాద్ డ్రైవర్ భాయ్ ఒకతను అప్పుడప్పుడూ బియ్యం, కూరగాయలు తెచ్చి పడేసేవాడు. మిగతా రోజంతా తుప్పు పట్టిన ఇంజన్ల మధ్య తిరగడం, ఆ తాళం వంక చూడడం. సీలు పీకేద్దామని ఎన్నిసార్లు చేతులు దురద పెట్టాయో.

ఆ రోజుల్లోనే ఉస్తాద్ వాళ్ల దేశంలో ఎన్నికలు జరిగాయి. సోషలిస్టులు ఎవరి మద్దతూ అక్కర్లేనంత మెజారిటీతో గెలిచారు. ఆయన ఇక్కడి నుంచే పోస్టులో ఓటు వేశాడు. కానీ వారాలు గడిచినా సర్కారు ఏర్పడలేదు.

“ఏమైంది ఉస్తాద్? గెలిచినోళ్లు ఇంక గద్దె ఎక్కలేదా?” అని అడిగాను.

“ఎట్లా ఎక్కుతారు భాయ్? యూరప్‌లో వేరే దేశాల్లో పనిచేసే మావాళ్ల ఓట్లు రద్దయ్యాయి. కవర్లో గుర్తింపు కార్డు కాపీ పెట్టలేదని గొడవ. కోర్టు మళ్లీ ఓట్లు వేయించమంది. అప్పటిదాకా పార్లమెంటూ లేదు, కొత్త సర్కారూ లేదు.”

“అంటే పరాయి దేశంల పని చేసుకునేటోళ్ల ఓట్ల కోసం దేశమంత ఆగిందా?”

“ఆగింది,” అన్నాడు. చెప్పేటప్పుడు ఆయన వెన్ను నిటారుగా అయింది.

నాకు నవ్వొచ్చింది. నా ఓటు వేయాలంటే మా ఊరి బడిదాకా నేనే నడిచి వెళ్లాలి. ఇక్కడ గేటు దాటే దిక్కు లేదు. ఫోన్‌లో మా ఆమెకు ఈ సంగతి చెబితే, “గా సర్కారు ముచ్చట నాకెందుకయ్యా, నువ్వెప్పుడొస్తవో చెప్పు,” అంది.

ఒకరోజు కఫీల్ కొడుకులిద్దరూ వకీళ్లతో వచ్చారు. గేటు దగ్గరే అరుచుకున్నారు. నేను పరుగెత్తి పాస్‌పోర్టు అడిగితే పెద్దవాడు “బుక్రా, బుక్రా” అంటూ కారెక్కాడు. ఆ రేపు రాలేదు.

మార్చి నెలాఖరులో పోర్చుగల్ మంత్రుల పేర్లు బయటికొచ్చాయి. నేను ఉల్లిగడ్డలు కోస్తుంటే ఉస్తాద్ పక్కన స్టూలు వేసుకుని ఒక్కొక్కరి గురించీ చెప్పాడు. మంత్రుల్లో మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువ. రక్షణ శాఖ కూడా ఒక ఆడమనిషికే, అంతకుముందు అక్కడ ఆ కుర్చీలో ఏ ఆడమనిషీ కూర్చోలేదు. ఖజానాను రాజధానికి మేయర్‌గా చేసినాయనకు ఇచ్చారు. అంతదాకా హుషారుగా చెప్పి, ఉన్నట్టుండి ఫోన్ మంచం మీదికి విసిరేశాడు.

“ఇంతకుముందు సముద్రానికి విడిగా మంత్రి ఉండేవాడు. ఇప్పుడు దాన్ని ఆర్థిక వ్యవహారాలతో కలిపేశారు. మాది సముద్రం దేశం కదా భాయ్!”

“పోనీయ్ ఉస్తాద్. బయట ఉన్నోళ్లను చూసుకునేటానికి ఎవలన్న ఉన్నరా?”

“విదేశాంగ మంత్రి కింద ఒకరుంటారు.”

నాకు ఆ మాట చాలాసేపు చెవుల్లోనే ఉంది.

రంజాన్ మొదలయ్యాక ఆయనకు వాళ్ల దేశం నుంచి తాత్కాలిక పాస్‌పోర్టు వచ్చింది. నేనూ మా ఎంబసీలో ఔట్‌పాస్, అంటే ఇంటికి పోవడానికి మాత్రమే పనికొచ్చే కాగితం, తీసుకోవచ్చు. కానీ అలా పోతే మళ్లీ రానివ్వరని అందరూ భయపెట్టారు. ఆ భయంతోనే ఆగాను. ఉస్తాద్ కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

“ఇద్దరం కలిసే బయటపడదాం. నీ పని అయ్యేదాకా ఉంటాను.”

“నువ్వుండి ఏం చేస్తవ్ ఉస్తాద్? నేనేడుస్తుంటే చూస్తవా? యల్లా, పో.”

కోపంగానే అన్నాను. అలా అనకపోతే ఆయన కదిలేవాడు కాదు. డ్రైవర్ భాయ్ కారులో ఉస్తాద్ ముహర్రక్ విమానాశ్రయానికి బయల్దేరాడు. నేను గేటు లోపలే నిలబడ్డాను. అద్దం దించి ఏదో అన్నాడు, హారన్ మోతలో వినపడలేదు. ఆ తర్వాత ఆ గదిలో ఒక్కడినే ఉండడం జైలు కన్నా కష్టమనిపించింది. కుక్కర్ పెట్టడానికి కూడా మనసు రాలేదు.

పండుగ అయ్యాక వర్క్‌షాపు చిన్న కొడుకుకు వచ్చింది. సీలు తీయించి, నా పాస్‌పోర్టు నా చేతిలో పెట్టాడు.

“ఖలాస్. పోతావా, ఉంటావా?” అని హిందీలో అడిగాడు.

పోతాను అనడానికి అన్నాళ్లూ కాచుకున్నాను. ఇంటికెళ్లి తెల్లారితే ఏం పని చేస్తానో ఊహించుకోబోతే ఏమీ కనపడలేదు. “ఉంట,” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆ రాత్రి మా ఆమె ఫోన్‌లో సరిగా మాట్లాడలేదు.

ఉస్తాద్ ఒకసారి ఫోన్ చేశాడు. చెల్లెలి ఇంట్లో, హాల్లో సోఫా మీద పడుకుంటున్నాడట. “ఇక్కడ వీధిలో వాళ్లు నన్ను ఏ దేశం అని అడుగుతున్నారు భాయ్,” అన్నాడు.

కొత్త కార్డు వచ్చిన సాయంత్రం దాన్ని జేబులో పెట్టుకుని గేటు దాటాను. నయీమ్‌దాకా నడిచాను. ఎదురుగా పోలీసు జీపు కనపడగానే నాకు తెలియకుండానే పక్కనున్న కోల్డ్ స్టోర్‌లోకి, ఇక్కడి కిరాణా కొట్టులోకి, దూరాను. దుకాణం అతను ఏం కావాలన్నాడు. ఒక సబ్బు కొన్నాను. జీపు మలుపు తిరిగేదాకా ధరలు చదువుతూ అక్కడే నిలబడ్డాను.