దొడ్డి కంచె మీది పాలతీగ

నోజుకిలే కేయ్ నది లోయకు కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివాళ్లు ఆమె వెంట ఒక ఆవును తోలారు. మా వాళ్లలో అలా వచ్చిన ఆవును కోయరు, అమ్మరు. దాని తోక వెంట్రుకలతో పేనిన తాడు పెళ్లికూతురి మెడలో ఉంటుంది. ఆవు బాగుంటే ఆమె బాగుంటుంది, ఆమె బిడ్డలు బతుకుతారు. అయినా ఆ ఆవును ఆమె కంచె బయటి నుంచే చూసుకోవాలి. కోడలు పశువుల దొడ్డిలో కాలు పెడితే గొడ్లకు కీడట. ఈ కట్టడి పెట్టిన మహానుభావుడెవరో గాని, ఆయనకు కూతుళ్లు ఉండి ఉండరు.

ఆమెకు ఇద్దరు బిడ్డలు పుట్టి, నడక రాకముందే పోయారు. మూడోసారి ఆడపిల్ల పుట్టింది. అప్పటికే కరువు. మొగుడు దూరాన బంగారు గనుల్లో ఉన్నాడు. ఇంటి గొడ్లన్నీ ఒక్కొక్కటే రాలిపోయి, దొడ్డిలో నోజుకిలే ఆవు ఒక్కటే మిగిలింది. దాని దూడ కూడా దక్కలేదు. తిండి లేక తల్లికి పాలు ఎండిపోయాయి. మామ పితికి తెచ్చే గిన్నెడు పాలే పసిదాని ప్రాణం, అవీ తగ్గుతూ వచ్చాయి.

"ఉంబెలెబెలె తీగ పెట్టవే," అంది అత్త. "ఉడకబెట్టి తవుడులో కలిపితే ఆవు చేపుతుంది. గుప్పెడే సుమా! ఎక్కువ తిందంటే కాళ్లు కొట్టుకుని చస్తుంది."

ఆకుల్లేని, వేలెడు లావు పచ్చటి తీగ అది. తుంచితే పాలు కారుతాయి. నోజుకిలే కొండచరియలో ముక్కలు కోసుకొచ్చింది.

"అప్పుడే పాతకు!" అంది అత్త. "కోసిన చివర పాలు ఆరిపోయేదాకా నీడన పడెయ్యి. నీళ్లు కూడా ఊరికే గుమ్మరించకు, కుళ్లుతుంది. ముడతలు పడితేనే పొయ్యి."

ఎక్కడ నాటినా బతికే మొక్కే. కానీ ఆమె దొడ్డి కంచె మొదట్లోనే నాటింది. లోపలికి అడుగుపెట్టకుండానే, బయట నిలబడి తన చేత్తో ఆవుకు పెట్టుకోవచ్చని ఆశ. గిన్నెలు కడిగిన నీళ్లు పోసింది. మేకలు కొరకకుండా చుట్టూ ముళ్లు పేర్చింది. తీగ కంచె ఎక్కి, అటు దొడ్డిలోకి జడలు జడలుగా వేలాడింది.

"మొగుడు లేడని తీగతో కాపురం పెట్టావుటే?" అన్నారు ఊట దగ్గర ఆడవాళ్లు.

"మొగుడికన్నా నయం వదినా. పిలవకపోయినా ఇంటివైపే పాకుతోంది."

రోజుకో గుప్పెడు పెట్టింది. పాలు కాస్త పెరిగాయి. పసిదాని బుగ్గల్లో కొంచెం కండ కనిపించింది. ఆ కొద్ది రోజులే నోజుకిలే నవ్వగా పొరుగింటి నుంచి నేను చూసింది.

ఆ ఏడూ వాన రాలేదు. గడ్డి మొదళ్లతో సహా మాడిపోయింది. చుట్టుపక్కల పచ్చగా ఉన్నదల్లా ఆమె పెంచిన తీగ ఒక్కటే. నడవలేని ఆవును మేతకు తోలడం మానేశారు. దగ్గరి ఊట ఎండిపోవడంతో, ఒకరోజు ఆమె నీళ్లకు నదిదాకా పోయి మధ్యాహ్నం తిరిగొచ్చింది. కంచెకు లోపలివైపు తీగ ఒక్క పోచ లేదు.

ఆవు పక్కకు ఒరిగి కాళ్లు కొట్టుకుంటోంది. మూతికి తెల్లటి నురగ.

"అత్తా! అత్తా!" అని అరిచింది. ముసలితనంతో చూపు పోయిన అత్త పిల్లను ఎత్తుకుని తడుముకుంటూ గుమ్మంలోకి వచ్చింది. మామ ఊరిపెద్ద దగ్గరికి పోయి ఉన్నాడు. నోజుకిలే కంచె పట్టుకుని నిలబడింది. ముళ్లు అరచేతుల్లో దిగాయి. ఆవు కళ్లు తేలేసింది. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అదీ ఆమె బతుకు.

చివరికి గడి తీసి లోపలికి పోయింది. ఆవు తలను ఒళ్లో పెట్టుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

మామ వచ్చి గడి దగ్గర ఆగాడు. ఆమె తలకప్పు సర్దుకుంటూ గబగబా లేవబోయింది.

"తప్పయింది మామా. దొడ్డిలోకి వచ్చాను."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"కూచో తల్లీ," అన్నాడు. "ఇంక నీవల్ల కీడు తగలడానికి ఇందులో ఏముంది?"

అత్త పిల్లను తెచ్చి కంచె మీదుగా అందించింది. "ఆకలికి ఏడుస్తోందే. రొమ్మియ్యి."

"పాలు లేవత్తా."

"ఇయ్యవే. ఊరుకుంటుంది."

నోజుకిలే ఆవు పక్కనే కూర్చుని ఇచ్చింది. పిల్ల కాసేపు చప్పరించి, వదిలేసి, తల్లి ముఖంలోకి చూసి మళ్లీ ఏడ్చింది.